పట్టా చేతికొచ్చింది... దారి చెప్పేవారేరీ?

ఇంటర్నెట్ కొలువుల గుమ్మంలో పల్లె పిల్లల తడబాటు
జీతం తీసుకోని గురువులు ఉన్నా, మన ఊళ్లకు అందని సాయం

శ్రీకాకుళం: ఒకప్పుడు ఊరికొక బి.ఎ. ఉంటే గొప్ప. ఇప్పుడు జిల్లాలో ఏ ఊరు వెళ్లినా వీధికొక ఇంజనీరు కనిపిస్తాడు. 2007-08లో ఫీజుల రీయింబర్స్‌మెంటు పథకం వచ్చిన తర్వాత కూలీనాలీ చేసుకునే ఇళ్ల నుంచి కూడా పిల్లలు ఇంజనీరింగు కాలేజీల మెట్లెక్కారు. రాష్ట్ర విభజన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఈ కాలేజీలు సుమారు 700కు చేరుకున్నాయి. పిల్లల్లో ఎక్కువమంది కోరుకునేది కంప్యూటర్ కోర్సే. చదువు కాగానే వెతుక్కునేది వెబ్‌సైట్ల తయారీ, నెట్‌వర్కుల నిర్వహణ, సైబర్ భద్రత వంటి ఇంటర్నెట్ ఉద్యోగాలే.

పట్టా వచ్చింది. మరి ఆ తర్వాత? ఇక్కడే కథ అడ్డం తిరుగుతోంది.

కుర్రవాడు హైదరాబాదు బస్సు ఎక్కుతాడు. అమీర్‌పేటలో నలుగురైదుగురు ఉండే హాస్టల్ గదిలో దిగుతాడు. ఒక ఇన్‌స్టిట్యూట్‌లో జావా, మరో ఇన్‌స్టిట్యూట్‌లో పైథాన్, ఇంకొకచోట డేటా సైన్సు. నెలనెలా ఇంటినుంచి డబ్బు పంపాలి. జీడితోట మీద ఆదాయం, నాన్న చేసిన అప్పు, అమ్మ డ్వాక్రా సొమ్ము అటే పోతున్నాయి. ఏడాది గడిచేసరికి కుర్రవాడి దగ్గర ధ్రువపత్రాలు నాలుగు, ఉద్యోగం సున్నా. తప్పు ఎక్కడ జరిగిందో వాడికీ తెలియదు, ఇంట్లోవాళ్లకూ తెలియదు.

చదువులో నాణ్యత లేదని తేల్చేయడం తేలిక. అందులో నిజం లేకపోలేదు. అయితే అదే కాలేజీలో, అదే బెంచీ మీద కూర్చున్న పట్నం కుర్రవాడు ఎలా నెగ్గుకొస్తున్నాడన్నది ఆలోచించవలసిన సంగతి. వాడి మేనమామో, పిన్ని కొడుకో అప్పటికే ఏదో కంపెనీలో ఉంటాడు. ఏ కోర్సు పనికొస్తుంది, ఏది దండగ, దరఖాస్తులో ఏమి రాయాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అన్నవి భోజనాల దగ్గరే వాడి చెవిన పడతాయి. పల్లె పిల్లవాడికి ఆ భోజనాల బల్ల లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఎవరిని అడగాలో తెలియనివాడి సంగతేమిటి?

కాగితం చదివిపెట్టే దిక్కు లేదు

చిన్న ఉదాహరణ చాలు. ఉద్యోగం ఇస్తున్నట్లు కంపెనీ పంపే కాగితంలో ఏడాదికి 3 లక్షల 60 వేలు అని ఉంటుంది. నెలకు 30 వేలు చేతికొస్తాయని తండ్రి లెక్క కట్టుకుంటాడు. ఆ లెక్క మీదే అప్పులవాడికి మాటిస్తాడు. కానీ అందులో భవిష్యనిధికి కంపెనీ కట్టే వాటా, గ్రాట్యుటీ, బీమా, పనితీరును బట్టి ఇస్తామనే మొత్తం అన్నీ కలిపి రాసే కంపెనీలే ఎక్కువ. చేతికొచ్చేది అంతకంటె బాగా తక్కువ ఉంటుంది. ఆ కాగితం చూసి పది నిమిషాల్లో విడమరచి చెప్పగలవాడు ఊళ్లో ఉండడు.

అలాగే ‘బాండ్’ అంటే ఏమిటి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, ప్రొబేషన్ ఎన్ని నెలలు, నోటీసు పీరియడ్ ఎంత అన్న సంగతులు. అసలు సర్టిఫికెట్లు తెచ్చి అప్పగించమంటే ఇవ్వవచ్చా కూడదా అన్న ప్రశ్న మరొకటి. ఇవేవీ సిలబస్‌లో లేవు. ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చెప్పరు. ఈ వృత్తిలో పదేళ్లు నలిగినవారికి ఇవి కొట్టినపిండి.

మోసం తలుపు తట్టేది అప్పుడే

అడిగే చోటు లేనివాడి దగ్గరకే దళారీ వస్తాడు. ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం పేరుతో లక్షలు గుంజి, రెండు మూడు నెలలు జీతం ఇచ్చినట్లే ఇచ్చి, బోర్డు తిప్పేసిన సంస్థల వార్తలు హైదరాబాదు నుంచి తరచూ వస్తూనే ఉన్నాయి. డబ్బు పోయినవారిలో చాలామంది పోలీసుల దాకా వెళ్లరు. దొడ్డిదారిన వెళ్లాం కదా, ఏ మొహంతో ఫిర్యాదు చేస్తామని జంకుతారు. దళారీ ధైర్యం కూడా అదే.

అంతకంటె ఘోరమైనది సరిహద్దులు దాటిన మోసం. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి ఉత్తరాంధ్ర యువకులను కంబోడియా పంపిన ఏజెంట్లను విశాఖ పోలీసులు 2024 మే నెలలో అరెస్టు చేశారు. ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా వసూలు చేసినట్లు అప్పుడు బయటపడింది. అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టులు లాక్కుని, ఫోన్ల ద్వారా మన దేశస్థులనే మోసగించే పని చేయించారు. 2025 మార్చిలో మయన్మార్‌లోని ఇటువంటి స్థావరాల నుంచి బయటపడిన 283 మందిని థాయిలాండ్‌లోని మే సాట్ నుంచి వాయుసేన విమానంలో స్వదేశానికి తెచ్చారు. మర్నాడు మరో 266 మందిని తెచ్చారు. వీరిలో తెలుగువారూ ఉన్నారు.

వీరంతా చదువురానివారు కారు. డిగ్రీలు, ఇంజనీరింగు చదివినవారే ఎందరో. విమానం ఎక్కే ముందు ఈ రంగంలో పనిచేస్తున్న ఒక్క మనిషిని అడిగి ఉంటే, డేటా ఎంట్రీ పనికి టైపు కొట్టేవారిని లక్షన్నర తీసుకుని విదేశానికి ఎవరూ పిలవరని చెప్పేవాడు. నిజమైన కంపెనీ ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. ఈ ఒక్క మాటకు లక్షన్నర విలువ ఉంది.

జీతం లేని గురువులు

ఈ లోటు తీర్చేందుకు ప్రపంచంలో ఒక పద్ధతి ఉంది. రంగంలో కొంత అనుభవం గడించినవారు, కొత్తగా వచ్చినవారికి వారానికో పక్షానికో ఒక గంట కేటాయించి దారి చెబుతారు. ‘మెంటార్’ అంటారు. ఫీజు లేదు, జీతం లేదు. పొందూరులో నూలు వడకడం ఎవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఎలా శుభ్రం చేయాలో తల్లి పక్కన కూర్చున్న పిల్లకు కళ్లతోనే తెలిసేది. మెంటార్ పని కూడా ఇంచుమించు అంతే. పక్కన కూర్చోబెట్టుకోవడం.

ఆ మాటకొస్తే ఇంటర్నెట్టే ఇలా పెరిగింది. 1969 ఏప్రిల్‌లో అమెరికాలో స్టీవ్ క్రాకర్ అనే పరిశోధక విద్యార్థి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడాలో రాస్తూ మొదటి పత్రం తయారుచేశాడు. శాసించే అధికారం తమకు లేదనుకున్న ఆ కుర్రవాళ్లు దానికి ‘అభిప్రాయాలు చెప్పండి’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. అలాంటి పత్రాలు ఇప్పటికి 9 వేలు దాటాయి. నేటికీ ఆ పేరే. ఆ పని చూసే ఐ.ఇ.టి.ఎఫ్. అనే బృందం 1986 నుంచి నడుస్తోంది. సభ్యత్వ రుసుము లేదు, ఎవరైనా చర్చలో చేరవచ్చు. కొత్తవారికి తోడుగా పాతవారిని జతచేసే ఏర్పాటు అక్కడ ఉంది.

గూగుల్ సంస్థ 2005 నుంచి ఏటా ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ నడుపుతోంది. అందరికీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు తయారుచేసే సంస్థల్లో కొత్తవారు కొన్ని నెలలు పనిచేస్తారు. పని పూర్తిచేసిన అభ్యర్థికి గూగుల్ డబ్బిస్తుంది. పక్కన ఉండి తప్పులు దిద్దే మెంటార్‌కు జీతం ఉండదు. ఇప్పటివరకు 20 వేలమందికి పైగా ఈ దారిన వచ్చారు. వారిలో మన దేశం పిల్లల వాటా పెద్దది. 2022 నుంచి కాలేజీ విద్యార్థులకే అన్న నియమం కూడా తీసేశారు. 18 ఏళ్లు నిండి, ఈ పనికి కొత్తవారైతే చాలు.

‘ఔట్‌రీచీ’ అనే మరో పథకం ఈ రంగంలో తక్కువగా కనిపించే వర్గాల కోసం. మొదట ఆడపిల్లల కోసమే ప్రారంభమైంది. ఎంపికైనవారికి మూడు నెలలకు 7 వేల డాలర్లు, అంటే సుమారు 6 లక్షల రూపాయలు ఇస్తారు. ఇల్లు కదలనక్కరలేదు. టెక్కలిలోనో సోంపేటలోనో ఇంట్లో కూర్చుని చేయగల పని. ఈ సంగతి జిల్లాలో ఎన్ని కాలేజీల నోటీసు బోర్డు మీద ఉందో యాజమాన్యాలే చూసుకోవాలి.

తీగలు, రూటర్ల పని చేసేవారికి దక్షిణాసియా దేశాల నెట్‌వర్కు నిపుణులు 2003లో ఖాట్మండులో ప్రారంభించిన ‘సనోగ్’ వేదిక ఉంది. ఇక ఇంటర్నెట్ పేర్లు, చిరునామాల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ 2007 నుంచి కొత్తవారికి ఫెలోషిప్ ఇచ్చి, అనుభవజ్ఞులను జతచేస్తోంది. ఆ సంస్థ ప్రపంచ సమావేశం 2016 నవంబరు 3 నుంచి 9 వరకు హైదరాబాదులోనే జరిగింది. నిజానికి అది పోర్టోరికోలో జరగవలసినది. అక్కడ జికా జ్వరాల భయంతో మనకు వచ్చింది. దోమ పుణ్యమా అని ప్రపంచ నిపుణులంతా మన గుమ్మంలోకి వచ్చారు. అయినా మన పల్లె కాలేజీలకు ఆ కబురు పెద్దగా చేరింది లేదు.

ఆ గంటలో జరిగేది ఏమిటి?

మెంటార్ ఉద్యోగం ఇప్పించేవాడు కాడు. సిఫారసు ఉత్తరం రాసేవాడూ కాడు. ఇది మొదటే తేలకపోతే వ్యవహారం చెడుతుంది. మరి ఏం చేస్తాడు?

మొదట దరఖాస్తు చూస్తాడు. మన పిల్లల దరఖాస్తులు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. తండ్రి పేరు, కులం, హాబీలు, ‘కష్టపడే స్వభావం’ అన్న మాట. చేసిన పని మాత్రం కానరాదు. ప్రాజెక్టు అన్నచోట రాసింది డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టు. రెండో ప్రశ్నకే ఆ గుట్టు బయటపడుతుంది. మెంటార్ ఆ కొన్న ప్రాజెక్టు కొట్టేసి, ‘నీ చేత్తో చిన్నది ఒకటి చెయ్యి’ అంటాడు. ఊళ్లో పాలకేంద్రం లెక్కలు చూపే పేజీ కావచ్చు, బస్సుల వేళలు చూపేది కావచ్చు. చిన్నదైనా సొంతమైతే దాని గురించి అరగంట మాట్లాడగలడు.

తర్వాత ఆ పనిని గిట్‌హబ్ వంటిచోట నలుగురూ చూసేలా పెట్టడం నేర్పుతాడు. పదిమందీ ఒకే ప్రోగ్రాము మీద ఒకరి పని ఒకరు చెరపకుండా ఎలా చేసుకుంటారో అక్కడే తెలుస్తుంది. కాలేజీలో ఒంటరిగా రాసిన ప్రోగ్రాముకూ, కంపెనీలో పదిమంది మధ్య రాసే ప్రోగ్రాముకూ చెరువు ఈతకూ సముద్రపు ఈతకూ ఉన్నంత తేడా ఉంది.

అన్నింటికంటె ముఖ్యమైనది ప్రశ్న అడగడం నేర్పడం. ‘సార్, ప్రోగ్రాము పనిచేయడం లేదు’ అంటే ఎవరూ సాయం చేయలేరు. డాక్టరు దగ్గరకు వెళ్లి ‘బాగోలేదు’ అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏ మందు రాస్తాడు? నేను ఇది చేశాను, ఇలా వస్తుందనుకున్నాను, ఇలా వచ్చింది, ఈ ఎర్ర అక్షరాలు కనిపించాయి అని నాలుగు ముక్కలు చెప్పాలి. సగం సందర్భాల్లో ఈ నాలుగు ముక్కలు రాసేలోపే తప్పు ఎక్కడుందో రాసేవాడికే తట్టేస్తుంది.

ఉత్తుత్తి ఇంటర్వ్యూ ఒకటి పెడతాడు. మన పిల్లలకు పెద్ద జబ్బు ఒకటుంది. తెలియనిదాన్ని ‘తెలియదు’ అనడానికి బెంబేలెత్తిపోతారు. బడిలో తెలియదంటే దెబ్బలు పడిన అలవాటు. తెలియదు, కానీ ఇలా వెతుకుతాను అని చెప్పేవాడినే కంపెనీవాళ్లు ఇష్టపడతారని ఎవరో ఒకరు చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు, చేయించి చూపాలి.

ఉద్యోగం దొరికాక తొలి ఆరు నెలలు మరీ గడ్డుకాలం. మీటింగులో ఇంగ్లీషు అర్థం కాదు. పక్కవాడిని అడగడానికి నామోషీ. రాత్రి రెండు గంటల దాకా కూర్చున్నా పని తెమలదు. ఇంటికి ఫోను చేస్తే ‘బాగానే ఉన్నాను’ అనే అబద్ధం. అలాంటప్పుడు కంపెనీకి చెందని ఒక పెద్ద మనిషి గొంతు వినిపిస్తే ఉద్యోగం నిలబడుతుంది. వాడూ నిలబడతాడు.

తెగిపోతున్నది ఎక్కడ?

ఇంత మేలైన పద్ధతి మన దగ్గర ఎందుకు పాకడం లేదు? తప్పు రెండువైపులా ఉంది.

సాయం చేయడానికి ముందుకొచ్చిన ఉద్యోగి మొదటి నెలలో పదిమందికి మాటిస్తాడు. రెండో నెల కంపెనీలో పని ముంచుకొస్తుంది. మూడో నెల ఫోను ఎత్తడు. మాట ఇచ్చి తప్పడం, ఇవ్వకపోవడంకంటె హాని. అప్పటికే నలుగురు కాదన్న పిల్లవాడికి ఐదో దెబ్బ తగిలినట్లవుతుంది. కొందరికి ఉపన్యాసాల జబ్బు. తాము పదిహేనేళ్ల కిందట ఎలా పైకొచ్చారో గంటసేపు చెబుతారు. ఆ రోజులు వేరు. పిల్లవాడి చేతిలో ఉన్న ప్రోగ్రాము చూడరు.

విద్యార్థుల వైపూ లోపాలు తక్కువేమీ కావు. ఆదివారం ఉదయం పదిగంటలకు రమ్మంటే పదకొండుకు వస్తారు, లేదా రారు. రాలేనని కబురు పెట్టరు. పోయినవారం ఇచ్చిన పని చేయరు. పరిచయమైన వారానికే ‘సార్, మీ కంపెనీలో చూడండి’ అని ఒకటే సందేశాలు. తన ఆదివారం వదులుకున్న మనిషి మనసు విరిగిపోవడానికి ఇంతకంటె ఏం కావాలి?

సమ్మర్ ఆఫ్ కోడ్ వంటి పథకాలు ఇన్నేళ్లుగా నిలబడటానికి కారణం అక్కడివారు మనకంటె దయగలవారు కావడం కాదు. అక్కడ కట్టుబాటు ఉంది. ఇన్ని వారాలు అని ముందే గడువు ఉంటుంది. ఏం చేయాలో అభ్యర్థి ముందే రాసివ్వాలి. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి మెంటార్ పని చూసి పాస్ అనో ఫెయిల్ అనో తేలుస్తాడు. మెంటార్‌కు వీలుకాకపోతే సంస్థలో మరొకరు అందుకుంటారు. కేవలం మంచితనం మీద వదిలేస్తే ఏ సేవా ఆరు నెలలు దాటదు. మన ఊళ్లో ఉత్సాహంగా మొదలై మూతపడిన రాత్రిబడులే సాక్ష్యం.

మరబుర్ర వచ్చాక

ఇప్పుడు ఈ వ్యవహారానికి తొందర వచ్చిపడింది. దేశంలోనే పెద్దదైన టి.సి.ఎస్. కంపెనీ 2025 జూలైలో సిబ్బందిలో నూటికి ఇద్దరి చొప్పున, అంటే 12 వేలకు పైగా తగ్గిస్తామని ప్రకటించింది. అందులో ఎక్కువమంది నడిమి, పై స్థాయివారే అన్నప్పటికీ, ఆ వార్త విన్న పల్లె తల్లిదండ్రుల గుండెలు గుభేలుమన్నాయి. మరోవైపు, కొత్తవారికి కంపెనీలు అప్పగించే చిన్నాచితకా పనులను కృత్రిమ మేధ, అదే ఏ.ఐ., క్షణాల్లో చేసి పెడుతోంది. ఆ చిన్న పనులు చేస్తూనే ఇన్నాళ్లూ కుర్రవాళ్లు పెద్ద పని నేర్చుకునేవారు. నిచ్చెనకు కింది మెట్టు విరుగుతోంది. రెండో మెట్టు అందాలంటే పైనుంచి ఎవరో చెయ్యి ఇవ్వాలి.

ఏ.ఐ.నే అడిగి నేర్చుకోవచ్చు కదా, మనిషి ఎందుకని కొందరి వాదన. అది కొట్టిపారేయదగ్గది కాదు. అర్ధరాత్రి సందేహానికి అది జవాబిస్తుంది, విసుక్కోదు, తెలుగులో కూడా చెబుతుంది. కానీ తప్పు చెప్పినా అదే ధీమాతో చెబుతుంది. ఏది తప్పో పట్టుకోవడం కొత్తవాడికి చేతకాదు. పైగా అది రాసిచ్చింది ఎత్తిరాసి పని అయిందనుకునే పిల్లలు పెరుగుతున్నారు. మునుపు డబ్బిచ్చి ప్రాజెక్టు కొన్నారు, ఇప్పుడు ఊరికే వస్తోంది. తేడా అంతే. ‘ఈ వరుస ఎందుకు రాశావు?’ అని ఎదురుగా కూర్చుని అడిగే మనిషి అవసరం తగ్గలేదు సరికదా పెరిగింది.

ఇంకో సంగతి. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో ఏ.ఐ. డేటా కేంద్రం పెడతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. సముద్రం అడుగునుంచి వచ్చే కేబుళ్లు కూడా అక్కడ ఒడ్డు చేరతాయని అందులో ఉంది. మన జిల్లాకు కూతవేటు దూరం. ఉద్యోగాలు వస్తాయన్న ఆశ సహజం. అయితే డేటా కేంద్రం బట్టల మిల్లు వంటిది కాదు, కట్టడం పూర్తయ్యాక లోపల పనిచేసేవారు కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమందికీ కావలసింది నెట్‌వర్కు, విద్యుత్తు, యంత్రాలను చల్లగా ఉంచే ఏర్పాట్లు, భద్రత తెలిసినవారు. జావా ఒక్కటే నేర్చుకుని వరసలో నిలబడితే తలుపు తెరుచుకోదు. ఐ.టి.ఐ., డిప్లొమా పిల్లలకు కూడా ఇందులో చోటుందని, దానికి ఏం నేర్చుకోవాలో చెప్పగలవారు ఇప్పటినుంచే కావాలి. కాంట్రాక్టర్లు మనుషులను తెచ్చుకున్నాక గేటు దగ్గర ధర్నా చేసి ప్రయోజనం ఉండదు.

తెలుగులో చెబితే తప్పా?

పైన చెప్పిన ప్రపంచ పథకాలన్నీ ఇంగ్లీషులో నడుస్తాయి. తెలుగు మాధ్యమంలో పదో తరగతి దాకా చదివిన పిల్లవాడు అక్కడ నోరు విప్పడు. తెలివి లేక కాదు, తప్పు మాట్లాడతానన్న భయం. మొదటి నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడితే ఆ భయం పోతుంది. ఇంగ్లీషు అవసరమే, కానీ అది గుమ్మం దగ్గర కాపలావాడు కాకూడదు.

ఈ జిల్లాకు ఇది కొత్త పాఠం కాదు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో బడి పెట్టారు. నేర్చుకునేవాడి భాషలోకి నేర్పేవాడే దిగి వెళ్లాడు.

ఇంటర్నెట్‌లోనూ తెలుగులో నడిచే చోట్లు ఉన్నాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై లక్ష వ్యాసాలు దాటింది. రాసేవారంతా స్వచ్ఛందంగా రాసేవారే. అక్కడ అందరూ కూడి చర్చించుకునే పేజీ పేరు ‘రచ్చబండ’. కొత్తవాడు సందేహం అడిగితే పాతవారు తెలుగులోనే జవాబిస్తారు. తన ఊరి పేజీలో తప్పు దిద్దడంతో మొదలుపెట్టిన పిల్లవాడు, నలుగురు చూసేచోట పనిచేయడం, తప్పు దిద్దించుకోవడం, ఆధారం చూపడం నేర్చుకుంటాడు. కంపెనీలో కావలసినవీ అవే. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ అనే సంస్థ వారు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే పనిలో విద్యార్థులను కలుపుకుంటున్నారు. తెలుగు లిపిలో వెబ్ చిరునామాలకు నియమాలు తయారైంది కూడా భాష తెలిసిన స్వచ్ఛంద నిపుణుల చేతుల మీదుగానే.

ఆడపిల్లల మాట

ఆడపిల్లల ఇబ్బంది వేరు. ముక్కూమొహం తెలియని మగమనిషితో ఆదివారం ఫోనులో గంటసేపు మాట్లాడతానంటే ఇంట్లో ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. సాయం పేరుతో పరిచయం పెంచుకుని వేధించేవారు లేరనలేం. అందుకని అమ్మాయిలను దూరంగా ఉంచితే నష్టపోయేదీ అమ్మాయిలే. ముగ్గురు నలుగురు కలిసి, కాలేజీ కంప్యూటర్ గదిలోనో గ్రంథాలయంలోనో, ఒక టీచరమ్మ ఉండగా మాట్లాడితే ఏ ఇంట్లోనూ అభ్యంతరం ఉండదు. మన జిల్లా నుంచి వెళ్లి ఉద్యోగాలు చేస్తున్న అక్కలు ఇప్పుడు తక్కువేమీ లేరు. పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఉద్యోగం ఎలా నిలబెట్టుకున్నారో చెప్పగలిగేది వారే. ఆ సంగతి ఎంత పెద్ద మగ ఇంజనీరు చెప్పినా అతకదు.

ఎవరు కదలాలి?

దీనికి కోట్లు అక్కరలేదు. భవనం అక్కరలేదు, శంకుస్థాపన అంతకంటె అక్కరలేదు. బహుశా అందుకే ఎవరి దృష్టికీ రావడం లేదేమో!

పదో తరగతి తర్వాత పల్లె పిల్లలకు ఆరేళ్ల ఇంజనీరింగు చదువు చెప్పే ట్రిపుల్ ఐటీ 2016 నుంచి మన జిల్లాకూ ఉంది. ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో చదివి బయటకు వచ్చినవారిలో అత్యధికులు ప్రభుత్వ బడుల నుంచి వచ్చినవారే. పక్కవాడి కష్టం వారికి చెప్పనక్కరలేదు. ఒక్కొక్కరు ఇద్దరేసి విద్యార్థులను మూడేసి నెలలు చూసినా జిల్లాలోని చిన్న కాలేజీల పిల్లలకు ఆసరా దొరుకుతుంది. ఇద్దరికి మించి వద్దు. మూడు నెలలు దాటి మాటివ్వవద్దు. కాలేజీలో ఒక అధ్యాపకుడు ఎవరెవరు కలిశారో పుస్తకంలో రాసి పెట్టాలి. రెండుసార్లు చెప్పకుండా మానేసిన విద్యార్థి స్థానం మూడోవాడికి ఇవ్వాలి. కరకుగా కనిపించినా ఇలాగైతేనే సాగుతుంది.

కాలేజీల వంతు ఒకటుంది. పూర్వ విద్యార్థుల సమ్మేళనం అంటే శాలువాలు, గ్రూపు ఫోటో, బిర్యానీతో సరిపెడుతున్నారు. వచ్చినవారి దగ్గర చందా అడుగుతారు, గంట కాలం అడగరు. చందా ఇచ్చి చేతులు దులుపుకోవడం తేలిక కనుక వారూ అదే ఇస్తారు.

ఈలోగా తల్లిదండ్రులు చేయగలిగినది కొంత ఉంది. విదేశీ ఉద్యోగం అని ఎవరైనా వస్తే ఆ ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. రిజిస్టరైన ఏజెంటు కూడా 30 వేల రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోకూడదు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరుల నుంచి మన పిల్లలు రైళ్లు, బస్సులు కిక్కిరిసి వస్తారు. కొత్త బట్టల్లో మూడురోజులు ఊళ్లో తిరుగుతారు. అరుగుమీద కూర్చున్న ఆఖరి సంవత్సరం కుర్రవాడు వారిని దూరం నుంచి చూసి ఊరుకుంటాడు, పలకరించడు. అయితే సంక్రాంతి నాటికి కాలేజీల్లో ప్రాంగణ ఎంపికలు చాలావరకు అయిపోతాయి. పని మొదలుపెట్టదలిస్తే దసరా సెలవుల్లోనే పెట్టాలి. అప్పటికి విద్యార్థి చేతిలో ఇంకా ఆరేడు నెలలు ఉంటాయి.